ఒంటెలు ఒరుసుకున్న స్తంభం

బఖీత్‌ని దొంగగా ప్రకటించడానికి కెప్టెన్ ఖల్ఫాన్ మధ్యాహ్నం నమాజు దాకా ఆగుతానన్నాడు. నా మీద గౌరవంతో కాదు. సరిహద్దు చౌకీలకు పంపాల్సిన ఫొటోలో బఖీత్ ముఖం సరిగ్గా పడలేదట. ఇంకో ఫొటో వచ్చేదాకా నాకు గడువు.

నేను ముస్తహీల్ ఒంటెల దొడ్డికి చేరేసరికి పొద్దెక్కిందో, ఇంకా తెల్లవారుతోందో తెలియడం లేదు. ఖరీఫ్ వానల నెలల్లో మా సలాలా కొండల కింద అంతే. మంచు దిగిందంటే తుంపర పడుతోందో, గాలే తడిగా ఉందో తేల్చుకోలేం. మన కాళ్ళు మనకే కనబడవు. నిద్రలో నడుస్తున్నట్టుంటుంది. ఇలాంటప్పుడు నేరపరిశోధన చెయ్యడమంటే కలలో కూడికలు చెయ్యడమే. ఈ కాలమంటే నాకు ప్రాణం, కానీ పని చెయ్యబుద్ధి కాదు.

దొడ్డి వాకిట్లో బోర్లించిన నీళ్ళతొట్టి మీద ఒక నల్లటి ముద్ద కూర్చుని ఉంది. దగ్గరికి వెళితే అది తుఫూల్, బఖీత్ తల్లి. ఊళ్ళో అందరం ఆమెను ఉమ్ బఖీత్ అనే పిలుస్తాం.

"ముహాద్, నువ్వేనా నాయనా? అడుగుల చప్పుడు నీదిలాగే ఉంది."

"నేనే, ఉమ్ బఖీత్. ఈ తడిలో ఎందుకొచ్చారు?"

"ఇంట్లో ఉంటే ఏం తోస్తుంది? ఆ మస్కట్ ఆయన నా కొడుకు పేరు దేశమంతా చాటిస్తాడట కదా, దొంగ అని."

"ఇంకా చాటించలేదు."

"చాటించనివ్వకు. వాడి నాన్న పోయినప్పుడు మాకు మిగిలింది పేరొక్కటే. అదీ పోతే మా గడప ఎవరూ తొక్కరు, నేను పోతే మోసేవాళ్ళు కూడా రారు. వాడు దొంగ కాడని ఒక్క మాట తెచ్చిపెట్టు. ఇంకేమీ అడగను."

నేను తలూపాను. మంచులో అది ఆమెకు కనబడి ఉండదు. అందుకని "సరే అమ్మా" అని పైకి కూడా అన్నాను. ఒప్పుకోవడం తేలికే.

సంగతి ఇది. మంగళవారం రాత్రి ఈ దొడ్డిలోంచి గైమా అనే ఆడ ఒంటె మాయమైంది. మా ప్రాంతపు పందేల్లో దాన్ని మించినది లేదు. దాంతోపాటు కాపరి బఖీత్ కూడా మాయమయ్యాడు. ఇవాళ గురువారం. దొడ్డి యజమాని ముస్తహీల్ వర్షాలకు ముందే చుట్టూ స్తంభాలు పాతించి, వాటికి సెన్సర్లు పెట్టించాడు. ఒక్కో స్తంభం నుంచి పక్క స్తంభానికి కంటికి కనబడని కిరణం గీతలా పోతుంటుంది. గీత పనిచేస్తున్నంతసేపు దానికో ఎర్రదీపం వెలుగుతుంది. గీతకి ఏది అడ్డొచ్చినా సైరన్ మోగుతుంది. ఆ రాత్రి మాత్రం మోగలేదు. ఆపే తాళంచెవులు రెండు. ఒకటి ముస్తహీల్ దగ్గర, ఒకటి బఖీత్ దగ్గర ఉండేవి.

దొడ్డిలో కెప్టెన్ ఖల్ఫాన్ ఫోను పైకెత్తి మంచును ఫొటో తీస్తున్నాడు. మస్కట్‌లో ఎండకు రాళ్ళు పగిలే నెలలో ఇక్కడికొచ్చాడు పాపం, ఆయన ఆనందం నాకు అర్థమైంది. తెల్ల బూట్లు మాత్రం అర్థం కాలేదు.

"రండి ముహాద్ గారూ. మీ మంచు అద్భుతం! మీ కాపరి కూడా దీన్ని బాగానే వాడుకున్నాడు."

"బఖీతేనని తేలిపోయిందా?"

"తేలడానికి ఏముంది? పొద్దుగుంకి మగ్రిబ్ నమాజు కాగానే నాలుగో గీత, ఐదో గీత దీపాలు ఆరిపోయాయి. పక్క దొడ్డి వాళ్ళు చూశారు. ముస్తహీల్ ఊళ్ళో ఉన్నానంటున్నాడు. ఇక రెండో తాళంచెవి ఎవరిది? ఒంటెను తోలుకుపోయాడు. అయిపోయింది."

"మళ్ళీ ఎప్పుడు వెలిగాయి?"

"ఫజర్ వేళకి."

"ఎవరు వెలిగించారు?"

ఖల్ఫాన్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "అంటే?"

"ఒంటెను తోలుకుని రాత్రికి రాత్రి పోయినవాడు, తెల్లారగట్ల తిరిగొచ్చి దీపాలు వెలిగించి మళ్ళీ పారిపోయాడా? అంత బుద్ధిమంతుడైన దొంగను నేనెప్పుడూ చూళ్ళేదు."

"మంచు దట్టమైతే ఈ సెన్సర్లు వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి. మంచు పలచబడగానే మళ్ళీ పనిలోకొస్తాయి. కంపెనీ వాళ్ళే చెప్పారు. వెలిగించడానికి మనిషి అక్కర్లేదు."

"అలాగైతే అన్ని గీతలూ ఆరాలిగా. మంచు ఏరి కోరి రెండింటి మీదే కూర్చుందా?"

"మీ మంచు సంగతి మీకే తెలియాలి" అని నవ్వాడు. "ముహాద్ గారూ, మీ ఊరి మనిషి కాబట్టి మీకు మనసొప్పడం లేదు. నాకా బంధుత్వం లేదు. అందుకే నన్ను పంపారు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాడితో వాదన ఎందుకు? నాలుగో కాలు వెతికి తెచ్చి చూపించాలంతే.

స్తంభాలు పాతిన కంపెనీ మనిషి షెహాతాను పిలిపించాను. ఈజిప్టువాడు. మనిషి పొట్టి, మాట పొడుగు. పోలీసులందర్నీ వాళ్ళ దేశపు వాడుకలో 'బాషా' అంటాడు, దొర అన్నట్టు.

"బాషా, నన్ను అనుమానిస్తున్నారా? నా పనికి వంక పెట్టినవాడు ఇంకా పుట్టలేదు!"

"అనుమానం లేదయ్యా. స్తంభం ఎలా పాతుతావో చెప్పు."

"పాతడమంటే మేకను కట్టే గుంజ కాదు బాషా. మోకాటి లోతుకు పైగా తవ్వాలి. అడుగున కంకర పొయ్యాలి, నీళ్ళు ఇంకాలిగా. వైరు గొట్టాన్ని కింద నుంచి దూర్చి, స్తంభం నిలబెట్టి, రసమట్టం పెట్టి చూసి, అప్పుడు కాంక్రీటు. నాలుగు పక్కలా కర్రలు పోటు పెట్టి వదిలెయ్యాలి. అది గట్టిపడేదాకా మా అత్తగారొచ్చి ఆనుకుంటానన్నా ఒప్పుకోను!"

"అంత పట్టింపు ఎందుకు?"

"స్తంభం వెంట్రుకవాసి ఒరిగితే చాలు, కిరణం అవతలి పెట్టెకి తగలకుండా పక్కకి పోతుంది. అప్పుడు పిల్లి దగ్గినా సైరనే. అసలు ఈ ఒంటెలతో నేను పడ్డ బాధ పగవాడికి వద్దు. వారానికోసారి వచ్చి పెట్టెలు సరిచేసి పోతున్నా. అవి స్తంభాన్ని చూస్తే ఆగవు బాషా, ఒరుసుకోవాల్సిందే."

"నాలుగో గీతకి, ఐదో గీతకి కలిసే స్తంభం ఏదైనా ఉందా?"

"ఎందుకు లేదు? ఐదో స్తంభం. దాని మీద వీపుకి వీపు ఆనించి రెండు పెట్టెలుంటాయి. ఒకటి అటు చూస్తుంది, ఒకటి ఇటు చూస్తుంది."

అంటే ఆ రాత్రి ఆరింది రెండు గీతలు కాదు, ఒక్క స్తంభం. నాకు మత్తు కొంచెం వదిలింది.

దొడ్డి ఖాళీగా ఉంది. దొంగల భయంతో మిగతా ఒంటెల్ని బుధవారమే పక్క దొడ్డికి తోలించానని ముస్తహీల్ చెప్పాడట. నేను మొదటి స్తంభం దగ్గర మొదలుపెట్టి గీత వెంబడి నడిచాను. ఒక స్తంభం దగ్గర నిలబడితే పక్కది కనబడదు. నాలుగడుగులు వేస్తే అది మంచులోంచి తానే మన వైపు నడిచొచ్చినట్టు వస్తుంది. దాని తల మాత్రం పైన తెలుపులో కలిసిపోయి ఉంటుంది. చిన్నప్పుడు జ్వరంలో ఇలాంటివే వచ్చి నా మంచం చుట్టూ నిలబడేవి. అప్పుడు భయపడ్డాను. ఇప్పుడు వాటిని చేత్తో తడుముతున్నాను.

వర్షాల్లో కొండ మీద నేల జారుతుంది, పైగా ఈగలు కుట్టి చంపుతాయి. అందుకే ఒంటెల్ని ఈ నెలల్లో మైదానంలోకి దింపుకుంటాం. కిందికొచ్చినా వాటి దురద పోదు. స్తంభమా, జీపా, ఇన్‌స్పెక్టరా అని చూడవు, ఆనుకుని ఒరుసుకుంటాయి. మొదటి స్తంభానికి దొడ్డి లోపలివైపున, నా ఛాతీ ఎత్తు నుంచి నుదుటి దాకా నూనె పట్టించినట్టు నిగనిగలాడుతోంది. చేత్తో రాస్తే బొచ్చు వేళ్ళకి అంటుకుంది. వాసన చూశాను. ఖల్ఫాన్ ముఖం అటు తిప్పుకున్నాడు. రెండోది అంతే. మూడూ, నాలుగూ అంతే. అడుగున షెహాతా సిమెంటు చిన్న గిన్నె బోర్లించినట్టు చుట్టూ వాలుగా ఉంది. నీటిబొట్టు నిలవడం లేదు.

ఐదో స్తంభం మంచులోంచి బయటికొచ్చింది. లోపలివైపు తడిమాను. గరుకుగా, చల్లగా ఉంది. ఒక్క వెంట్రుక లేదు. ఈ ఒక్కదాన్ని ఒంటెలు ఎందుకు వదిలేశాయి? కిరణానికి తగలకుండా వంగి, దాని కింద నుంచి అవతలికి వెళ్ళాను. నిగనిగ ఉంది, బొచ్చూ ఉంది. కానీ బయటివైపు. దొడ్డి బయట ఒంటెలు ఎప్పుడూ లేవు. పైగా ఆ మెరుపు నా గడ్డం దగ్గర మొదలై తల దాటి పైకి పోతోంది. చెయ్యెత్తి చూశాను. మిగతావాటికంటే జానెడు పైన ఉంది.

ఒంటెలు జానెడు పెరగవు. అంటే స్తంభమే పైకొచ్చింది, వెనక్కి కూడా తిరిగింది.

కిందికి వంగాను. ఇక్కడ సిమెంటు గిన్నెలా లేదు. రొట్టెలు కాల్చే పెనమంత వెడల్పుగా, చదునుగా పరుచుకుని ఉంది. మధ్యలో నీళ్ళు నిలిచి ఉన్నాయి.

"షెహాతా, ఇది కూడా నువ్వే పాతావా?"

వాడు నీళ్ళు నమిలాడు. "నేనే బాషా... అన్నీ నేనే."

"మరి ఇక్కడ నీళ్ళు నిలిచాయే?"

"ఆ రోజు నాకు జ్వరం."

"నిజం చెప్పు నాయనా. ఒక మనిషి పరువు పోయేలా ఉంది."

వాడు ఖల్ఫాన్ వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు. "నిన్న వచ్చి చూశా బాషా. ఇది నా పని కాదు. ఎవడో పీకి మళ్ళీ పాతాడు, వారం వారం నేను చేసేది చూసినవాడిలా పెట్టెలు మాత్రం సరిగ్గా తిప్పి బిగించాడు. చెబితే కంపెనీలో నన్నే అంటారు, నీ స్తంభం పడిపోయింది కాబట్టే ఒంటె పోయిందని. అందుకే నోరు మూసుకున్నా. జీవితంలో మొదటిసారి!"

అప్పుడే మంచులోంచి టీ ఫ్లాస్కు పట్టుకుని ముస్తహీల్ వచ్చాడు. తెల్లటి పొడుగు అంగీ దిష్‌దాషా, నడుముకి వెండి పిడి ఖంజర్, మీద అగరు వాసన. ముగ్గురు అన్నదమ్ముల్లో పెద్దవాడు. దొడ్డి ముగ్గురిదీ, గైమా కూడా ముగ్గురిదీ. తమ్ముళ్ళు పైఊళ్ళలో ఉద్యోగాలు చేస్తారు.

"తడిసిపోతున్నారు ముహాద్. అల్లం టీ, మా ఆవిడ చేసింది."

"నీ చేత్తో ఇస్తే కాదంటానా అన్నా?" గ్లాసు అందుకున్నాను. "రెండ్రోజులుగా నిద్ర లేదు. ఈ గాలికి ఒళ్ళంతా ఒకటే దురద" అంటూ ఐదో స్తంభానికి వీపు ఆనించి, అచ్చం ఒంటెలా అటూ ఇటూ ఒరుసుకోవడం మొదలుపెట్టాను.

"ఆనుకోకు!" అని అరిచాడు ముస్తహీల్. "కదులుతుందది, ఇంకా గట్టిపడలేదు!"

నేను ఒరుసుకోవడం ఆపి గ్లాసు కింద పెట్టాను.

"ఏది గట్టిపడలేదు అన్నా?" అన్నాను మెల్లగా. "ఇవి పాతి రెండు నెలలైందని నువ్వే చెప్పావుగా?"

"అంటే... వానలు కదా. నేల మెత్తగా ఉందని అన్నా."

"మరి నాలుగో దానికి చేరబడినా ఇలాగే అరిచేవాడివా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం పుస్తకాల్లోనే అనుకునేవాణ్ణి. ముస్తహీల్ చెయ్యి భుజం మీదికి కాదు గానీ, నుదుటి మీదికి వెళ్ళింది.

"కెప్టెన్ గారూ, ఈ స్తంభం తవ్వించాలి" అన్నాను.

ఖల్ఫాన్ నన్ను పక్కకి లాగాడు. "పిచ్చిగానీ పట్టిందా? ఫొటో వచ్చేసింది. ఇంకో పావుగంటలో ప్రకటన పోతుంది. మీరు ఒంటె బొచ్చు వాసన చూసి యజమాని ఆస్తి తవ్విస్తానంటారు. రేపు పై నుంచి అడిగితే జవాబు ఎవరు చెబుతారు?"

"నేను చెబుతాను. ఒక్కటి ఆలోచించండి. ఒంటెను బయటికి తోలడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఏముంది, కాసేపు."

"దీపాలు రాత్రంతా ఎందుకు ఆరి ఉన్నాయి? రాత్రంతా పట్టే పని ఏది?"

ఆయన తన బూట్ల వంక చూసుకున్నాడు. అవి తెల్లగా లేవు.

"ఈ నెలల్లో ఇక్కడ అరచేతి మేర నేల తవ్వినా పచ్చిక మధ్య ఎర్రటి పుండులా కనబడుతుంది. దారిన పోయే మేకలకాపరి కూడా ఆగి చూస్తాడు. తవ్విన మట్టి ఎవరికీ అనుమానం రాని చోటు ఈ మైదానంలో ఒక్కటే, స్తంభం అడుగు."

ఖల్ఫాన్ నా ముఖంలోకి చూశాడు. మొదటిసారి ఆయన గొంతులోంచి మస్కట్ పోయింది. "అడుగున ఏముందనుకుంటున్నారు?"

"అనుకోవడం నాకిష్టం లేదు" అన్నాను. నిజంగానే లేదు. ఒంటె దొరికితే బాగుండును, బఖీత్ దొంగే అయితే బాగుండునని ఆ క్షణంలో అనిపించింది. దొంగైతే ఎక్కడో ఒకచోట బతికుంటాడు. కానీ వాకిట్లో కూర్చున్న ఆమెకు దొంగ కాడని తేలుస్తానని మాటిచ్చాను.

ఆయన జవాన్లను పిలిచాడు. ఇద్దరు గడ్డపారలు తెచ్చారు. సెన్సర్లు ఆపడానికి వీల్లేదని పొద్దున ఖల్ఫానే ఆర్డరు వేసి ఉన్నాడు, ఆ సంగతి అందరం మరిచిపోయాం. మొదటి పోటుకే స్తంభం కదిలింది, కిరణం తప్పింది, దొడ్డంతా సైరన్ మోగింది. మంగళవారం రాత్రి మోగాల్సింది గురువారం మోగింది. పక్క దొడ్డిలో ఒంటెలు ఒక్కసారిగా అరిచాయి. షెహాతా చెవులు మూసుకుని వాకిట్లో సైరన్ ఆపే పెట్టె వైపు పరిగెత్తాడు.

ఆ మోతలోనే తవ్వారు. సిమెంటు పెళ్ళ తిరగబడింది. అది లోపల ఇంకా ముద్దగానే ఉంది. కింద కంకర లేదు. వదులు మట్టి ఉంది. రెండు పారలు తీశాక ఒక జవాను ఆగి, పార పక్కన పెట్టి, చేతులతో తీయడం మొదలుపెట్టాడు. మట్టిలోంచి ముందు ఒక చెప్పు వచ్చింది. తరువాత కాలు. వేళ్ళ మధ్య పచ్చిక ఇరుక్కుని ఉంది, ఇంకా పచ్చగానే.

వెనక్కి తిరిగాను. ముస్తహీల్ పారిపోలేదు. తడి నేల మీద చతికిలబడి, తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. సైరన్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఆయన గొంతు మరీ దగ్గరగా వినిపించింది.

"అమ్మేశాను ముహాద్. గైమాని. తమ్ముళ్ళకి తెలియకుండా. కొన్నవాళ్ళు మగ్రిబ్‌కి కాస్త ముందే సరిహద్దు అవతల నుంచి లారీ తెచ్చారు. వాడు లారీకి అడ్డంగా నిలబడ్డాడు. ముగ్గురి సొమ్ము ఒక్కడివే ఎలా అమ్ముతావు, తమ్ముళ్ళకి ఫోను చేస్తానన్నాడు. తోశాను. తల తొట్టికి తగిలింది. అంతే. చంపాలనుకోలేదు."

"పాతాలనుకున్నావు" అన్నాను. "దొంగ అన్నావు." నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. ఖల్ఫాన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా కాదు. తరువాత ఆయనే ముస్తహీల్ ఖంజర్ విప్పించి, చేతులకి సంకెళ్ళు వేసి, ఫోను తీసి ఎవరితోనో "ఆ ప్రకటన ఆపెయ్" అన్నాడు.

"తల్లికి నేను చెప్పనా?" అని అడిగాడు.

"వద్దు. మాట ఇచ్చింది నేను."

వాకిలి దాకా నడిచాను. అంత దూరం ఇంకెప్పుడూ నడవలేదు. తుఫూల్ లేచి నిలబడి ఉంది. సైరన్‌కి చుట్టుపక్కల దొడ్ల ఆడవాళ్ళు కూడా వచ్చినట్టున్నారు. మంచులో వాళ్ళ నల్లటి నీడలు మాత్రం కదులుతున్నాయి.

"ముహాద్, ఏమైంది నాయనా? ఆ మోతేమిటి? తేలిందా?"

"తేలింది, ఉమ్ బఖీత్."

"నా కొడుకు..."

"దొంగ కాదమ్మా. ఒంటెను అమ్మింది ముస్తహీల్. అడ్డుకుంది బఖీత్ ఒక్కడే. ఆ మస్కట్ కెప్టెన్ కూడా ఒప్పుకున్నాడు."

తరువాతి మాట కోసం ఊపిరి తీసుకున్నాను. ఆమె నన్ను అంత దూరం రానివ్వలేదు. రెండు చేతులూ ఆకాశంలోకి ఎత్తింది. మునికాళ్ళ మీద లేచి, తల వెనక్కి వాల్చి, పెళ్ళిళ్ళలో మా ఆడవాళ్ళు నాలుక ఆడించి తీసే ఆ సంతోషపు కేక తీసింది. మంచులోంచి ఒక ఆడగొంతు బదులిచ్చింది, తరువాత ఇంకొకటి, తరువాత కొండ దాకా అన్నీ.

"విన్నారా! దొంగ కాదట! నా కొడుకు దొంగ కాదట!" అని అందరికీ చెబుతోంది. తడి చేతులతో నా ముఖం పట్టుకుని నుదురు ముద్దు పెట్టుకుంది. "నీ కడుపు చల్లగా ఉండాలి నాయనా. మరి వాడేడీ? సిగ్గుపడి ఎక్కడో దాక్కుని ఉంటాడు, వట్టి పిరికి సన్నాసి. ఎవరూ ఏమీ అనరు, ఇంటికి రమ్మని చెప్పు. రెండ్రోజులైంది వాడు అన్నం తిని."